బజారు పాటగాడి చెయ్యి పట్టుకున్న ప్రభువు

దేవునికి కొంత, లోకానికి కొంత పంచిపెడితే రెండూ మన చేతిలోనే ఉంటాయని మనలో చాలామంది అనుకుంటాం. ఆదివారం ఉదయం దేవునిది, మిగిలిన వారమంతా మనది! పైగా దేవునికి ఇచ్చిన ఆ కొంచానికి కూడా ప్రతిఫలం లెక్కగట్టి ఎదురుచూస్తాం. ఇలా రెండు పడవల మీద కాళ్లు పెట్టి పదేళ్లకు పైగా ప్రయాణించిన ఒక సంగీతకారుని జీవితాన్ని ఈ వారం ధ్యానిద్దాం. ఆయన పేరు థామస్ ఏ. డోర్సీ. 'ప్రెషస్ లార్డ్, టేక్ మై హ్యాండ్' అనే ఆయన కీర్తన ఎన్నో దేశాల్లో దుఃఖంలో ఉన్న విశ్వాసులను ఓదార్చింది. అయితే ఆ కీర్తన రాసిన చెయ్యి, అంతకుముందు గ్రామఫోన్ కంపెనీల కోసం ద్వంద్వార్థాల పాటలకు పియానో వాయించిన చెయ్యేనని తెలిసినవారు తక్కువ.

డోర్సీ 1899 జూలై 1న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, విల్లా రికా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి ఊరూరా తిరిగి వాక్యం బోధించే బాప్టిస్టు సేవకుడు. సేవతో ఇల్లు గడవక పాలుకు పొలం చేసేవాడు. తల్లి ఎట్టా ఆయన కూటాల్లో ఆర్గన్ వాయించేది. నల్లజాతి వారికి బానిసత్వం నుండి విముక్తి దొరికి అప్పటికి 34 ఏళ్లు మాత్రమే. పేదరికం తాళలేక 1908 ప్రాంతంలో ఆ కుటుంబం అట్లాంటా నగరం చేరింది. పిల్లవాడైన డోర్సీ చదువు త్వరలోనే ఆగిపోయింది. '81 థియేటర్' అనే వినోదశాలలో సోడాలు అమ్ముతూ, అక్కడి పియానో వాద్యకారుల వేళ్లను గమనిస్తూ సంగీతం నేర్చుకున్నాడు. అమ్మ దగ్గర విన్న కీర్తనలు ఒక చెవిలో, థియేటర్లో విన్న బ్లూస్ పాటలు మరో చెవిలో! నల్లజాతి వారు తమ కష్టాలనూ వియోగాలనూ పాడుకునే లౌకిక సంగీతమే బ్లూస్.

1916లో ఆయన బ్రతుకుతెరువు వెతుక్కుంటూ షికాగో చేరాడు. రాత్రంతా వాయించడం, పగలు పనిచేయడం, చాలని నిద్ర. నాలుగేళ్లకే ఆరోగ్యం, మనసు రెండూ దెబ్బతిని, 1920లో తల్లి దగ్గరకు తిరిగొచ్చాడు. సంగీతంతో దేవుణ్ణి సేవించమని ఆ తల్లి బ్రతిమిలాడింది. ఆయన విన్నాడు, కానీ లోబడలేదు. మరుసటి ఏడాది షికాగోలో జరిగిన నేషనల్ బాప్టిస్టు కన్వెన్షన్‌లో డబ్ల్యు.ఎం. నిక్స్ అనే దైవసేవకుడు పాడిన పాట ఆయన హృదయాన్ని కదిలించింది. అలాంటి పాటలే రాయాలని అప్పుడే తీర్మానించుకున్నాడు. ఒక చిన్న చర్చిలో సంగీత నిర్వాహకుడయ్యాడు కూడా. కానీ అక్కడ దొరికేది బహు కొద్ది. మంచి జీతంతో పిలుపు రాగానే డోర్సీ మళ్లీ వినోదశాలల దారి పట్టాడు.

అది గ్రామఫోన్ రికార్డుల వ్యాపారం వెల్లువలా పెరుగుతున్న కాలం. నల్లజాతి శ్రోతల కోసం కంపెనీలు ప్రత్యేకంగా రికార్డులు విడుదల చేసేవి. పారామౌంట్ కంపెనీలో ఆ విభాగాన్ని నడిపిన జె. మేయో విలియమ్స్ అనే నల్లజాతి అధికారి డోర్సీ ప్రతిభను గుర్తించాడు. గాయకులు నోటితో పాడిన పాటలకు స్వరాలు రాసిపెట్టడం, బాణీలు సరిచేయడం డోర్సీ పని. ఏ పాట అమ్ముడవుతుందో, ఏది మూలన పడుతుందో ఆయనకు అక్కడే తెలిసింది. 1924లో ప్రఖ్యాత గాయని మా రైనీ బృందానికి నాయకుడై ఊరూరా తిరిగాడు. 1925లో నెట్టీ హార్పర్‌ను పెళ్లాడాడు. డబ్బు, పేరు, ఇల్లాలు, అన్నీ అమరాయి!

సరిగ్గా అప్పుడే, 1926లో, చెప్పలేని కుంగుబాటు ఆయనను కమ్మేసింది. దాదాపు రెండేళ్లు వేళ్లు పియానో మీద నిలవలేదు. చనిపోవాలన్న తలంపులు కూడా వచ్చాయి. నెట్టీ లాండ్రీలో పనిచేసి ఇల్లు నడిపింది. 1928లో వదినగారు ఆయనను ఒక ఆరాధనకు తీసుకెళ్లింది. అక్కడి దైవసేవకుని ప్రార్థన ఆయనకు కొత్త బలమిచ్చింది. అదే రోజుల్లో ఒక స్నేహితుడు ఆకస్మికంగా మరణించాడు. ఆ దుఃఖంలో ఒక సువార్త గీతం రాశాడు. ఐదు డాలర్లు అప్పు తెచ్చి, దాని ప్రతులు 500 అచ్చు వేయించి దేశమంతటా చర్చిలకు పంపాడు. దాదాపు మూడేళ్లపాటు ఒక్క ఆర్డరు కూడా రాలేదని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

ఇల్లు గడవని ఆ స్థితిలో టాంపా రెడ్ అనే గిటారు వాద్యకారుడు ఒక బూతు పాట పట్టుకొచ్చి బాణీ కట్టమన్నాడు. తానిప్పుడు అలాంటివి చేయడం లేదని డోర్సీ ముందు కాదన్నాడు. కానీ డబ్బు మాట వినేసరికి మెత్తబడ్డాడు. 1928లో వొకాలియన్ కంపెనీ విడుదల చేసిన ఆ రికార్డు విపరీతంగా అమ్ముడైంది. 'జార్జియా టామ్' అన్న పేరుతో అలాంటివి ఇంకెన్నో చేశాడు. మరోవైపు 1930లో బాప్టిస్టు కన్వెన్షన్‌లో ఆయన సువార్త గీతం పాడినప్పుడు జనం లేచి నిలబడ్డారు, వేల ప్రతులు కొన్నారు. అయినా డోర్సీ పగలు సువార్త గీతాలు, రాత్రి బ్లూస్ పాటలు రాస్తూనే ఉన్నాడు. ఈలోగా ఆర్థిక మాంద్యం వచ్చి రికార్డుల వ్యాపారం కుప్పకూలింది. 1932లో షికాగోలోని పిల్‌గ్రిమ్ బాప్టిస్టు చర్చిలో క్వయర్ బాధ్యత చేపట్టి, పూర్తిగా దేవుని పాటకే తనను అప్పగించుకున్నాడు.

ఇక దీవెనలే అనుకుంటాం కదూ! కానీ ఆ ఏడాది ఆగస్టులో జరిగింది వేరు. నెట్టీ నిండు గర్భిణి. ఆమెను ఇంట్లో వదిలి డోర్సీ సెయింట్ లూయిస్‌లో ఉజ్జీవ కూటాలకు వెళ్లాడు. అక్కడ సభలో ఉండగానే టెలిగ్రాం వచ్చింది. ప్రసవంలో భార్య కన్నుమూసింది. ఆయన ఇల్లు చేరాక, పుట్టిన మగబిడ్డ కూడా దక్కలేదు. తల్లినీ బిడ్డనూ ఒకే పెట్టెలో ఉంచి సమాధి చేశారు.

లోకాన్ని వదిలి వచ్చినందుకు దేవుడిచ్చిన బహుమానం ఇదేనా? ఈ ప్రశ్న డోర్సీని తొలిచేసింది. దేవుడు తనకు అన్యాయం చేశాడని, ఇక సువార్త గీతాలు రాయనని, పాత బజారుకే తిరిగి వెళ్తానని అనుకున్నాడు. కొద్దిరోజుల తర్వాత స్నేహితుడు థియోడోర్ ఫ్రై ఆయనను పియానో ఉన్న ఒక నిశ్శబ్దమైన గదికి తీసుకెళ్లాడు. చిన్నప్పటి నుండి ఎరిగిన ఒక పాత కీర్తన రాగం మీద డోర్సీ వేళ్లు నెమ్మదిగా కదిలాయి. ఆ రాగం మీదే మాటలు వచ్చాయి. ఎందుకిలా జరిగిందని ఆ పాట అడగదు, జవాబు దొరికిందనీ చెప్పదు. అలసిపోయిన బిడ్డ చీకట్లో తండ్రి చెయ్యి అందుకోవాలని వెతికినట్టు, ప్రభువును చెయ్యి పట్టుకొమ్మని వేడుకుంటుంది, అంతే! తర్వాతి ఆదివారాల్లో ఎబెనేజర్ బాప్టిస్టు చర్చిలో ఫ్రై పాడగా, డోర్సీ వాయించగా సంఘం కన్నీళ్లతో ఆ పాటను అందుకుంది.

అయినా దారి సుళువు కాలేదు. బ్లూస్ తాళం ఆరాధనలోకి తెచ్చాడని చాలా పెద్ద చర్చిలు ఆయనను గుమ్మం దగ్గరే ఆపాయి. ఆయన మాత్రం వెనుదిరగలేదు. బజారు నేర్పిన విద్య వృథా కాలేదు. సొంతంగా ప్రచురణ సంస్థ పెట్టి సువార్త గీతాలను అచ్చు వేశాడు. శాలీ మార్టిన్ అనే గాయని ఆ అంగడి లెక్కలను గాడిలో పెట్టింది. ఆమెతో, ఇతర సహకారులతో కలిసి 1933లో గాస్పెల్ క్వయర్ల జాతీయ కన్వెన్షన్ స్థాపించాడు. మహేలియా జాక్సన్ ఆయన పాటలను ఊరూరా వినిపించింది. 1957లో ఎల్విస్ ప్రెస్లీ కూడా 'ప్రెషస్ లార్డ్' రికార్డు చేశాడు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ తూటాకు గురికావడానికి కొద్ది క్షణాల ముందు, ఆ రాత్రి సభలో వాయించమని కోరింది ఈ పాటనే. ఆయన అంత్యక్రియల్లో మహేలియా దానినే పాడింది. పిల్‌గ్రిమ్ చర్చి క్వయర్‌ను నలభై ఏళ్లకు పైగా నడిపిన డోర్సీ 1993 జనవరి 23న, 93 ఏళ్ల వయసులో షికాగోలో ప్రభువునందు నిద్రించాడు.

బేతేలులో యాకోబు దేవునితో బేరమాడాడు. అన్నం, బట్ట ఇచ్చి క్షేమంగా తిరిగి తీసుకొస్తేనే నీవు నా దేవుడివి అన్నట్టు మొక్కుకున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత యబ్బోకు రేవు దగ్గర, తుంటి ఎముక తొలగినా దేవుణ్ణి వదలక పట్టుకున్నాడు. డోర్సీ ప్రయాణం కూడా బేతేలు నుండి యబ్బోకుకు చేసినదే. రికార్డు కంపెనీతో ఒప్పందం ఉంటుంది. ఇంత పాటకు ఇంత సొమ్ము. దేవునితో అలాంటి ఒప్పందం లేదు. ఉద్యోగం వదిలి సేవకు వచ్చినా, దశమభాగం ఇచ్చినా, క్వయర్‌లో ఏళ్ల తరబడి పాడినా మన ఇంటికి మరణం రాదన్న హామీ ఎక్కడా లేదు. ఆ చీకట్లో కూడా మన చెయ్యి వదలని ప్రభువు ఉన్నాడన్నదే హామీ. బేరం ముగిసినచోటే విశ్వాసం మొదలవుతుంది. మనం ఇవాళ ప్రభువు ముందు లెక్కల పుస్తకం తెరిచి నిలబడ్డామా, లేక చెయ్యి చాచి నిలబడ్డామా?