జగద్గురువుని చేద్దామనుకున్న పిల్లోడు

స్వాముల కాళ్ల మీద పిల్లల్ని పడేసే అమ్మానాన్నల్ని మా అవనిగడ్డలో చూస్తానే ఉన్నా. వాళ్లకి జిడ్డు కృష్ణమూర్తి బతుకు చెప్పాలనిపిద్ది.

1895లో మదనపల్లెలో పుట్టాడు. పదేళ్లప్పుడు తల్లి పోయింది. తండ్రి నారాయణయ్య దివ్యజ్ఞాన సమాజంలో పనికని 1909లో మద్రాసు అడయారు చేరాడు. అక్కడి సముద్రపొడ్డున ఈ బక్కపిల్లోణ్ణి లెడ్‌బీటర్ అనే దొర చూసి, రాబోయే జగద్గురువు ఈడేనని తేల్చేశాడు. 1911లో ఆ పిల్లోణ్ణే పెద్దగా పెట్టి ఓ సంఘం కట్టారు. తమ్ముడు నిత్యతో సహా ఇంగ్లండు తీసుకుపోయారు. తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్లిష్టమే.

పిల్లల కోసం తండ్రి అనీబిసెంటు మీద కోర్టుకెక్కాడు. మద్రాసులో గెలిచాడు, 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్లో ఓడాడు. పిల్లోడు తెలుగే మర్చిపోయాడు.

1925లో నిత్య జబ్బుతో పోయాడు. కాపాడతారని నమ్మిన మహాత్ములెవరూ కాపాడలేదు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, భక్తులందరి ముందే, కృష్ణమూర్తి ఆ సంఘాన్ని రద్దు చేసేశాడు. కానుకలుగా వచ్చిన ఆస్తులు తిరిగిచ్చేశాడు. 1986లో పోయేదాకా తాను ఎవరికీ గురువుని కాదనే చెప్పాడు.

ఆయన తత్వం మీద ఎంతైనా వాదించుకుందాం. నన్ను కుదిపేది వేరే. జగద్గురువు అవుతావా అని పద్నాలుగేళ్ల పిల్లోణ్ణి ఎవరూ అడగలా. కాదని చెప్పడానికి ఆయనకి ఇరవయ్యేళ్లు పట్టింది. పోయిన అమ్మభాష మాత్రం తిరిగి రాలా.