చీమనీ పిట్టనీ వదలని నెల్లూరు డాక్టరు



పోయిన నెల పేరెంట్స్ మీటింగులో ఒక అమ్మ నన్ను పక్కకు పిలిచారు. కొడుకు హార్లిక్స్ సీసాలో సాలీళ్ళు పెంచుతున్నాడట, నన్ను గట్టిగా మందలించమన్నారు. సరేనన్నాను. తీరా పిలిచి అడిగితే, ఏ సాలీడు గూడు అల్లుతుందో, ఏది అల్లకుండా గోడ మీద దూకి ఈగను పట్టుకుంటుందో వాడు టకటకా చెప్పేశాడు. ఇక తిట్టడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఈ నెల మదనపల్లె, పుంగనూరు, కుప్పం బ్రాంచీల తల్లిదండ్రులందరికీ ఒక డాక్టరు గారి జీవితం చెప్పాలనిపించింది.

ఆయన పేరు థామస్ కావర్‌హిల్ జెర్డన్. 1811లో ఇంగ్లండులో పుట్టి, ఎడింబరోలో చదువుకుని, 1836లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా మద్రాసులో దిగారు. మొదటి పని గంజాం వైపు, జ్వరాలతో, విరేచనాలతో పడిపోయిన సిపాయిలకు వైద్యం. ఆ పనిలో ఉంటూనే తూర్పు కనుమల పిట్టల్ని గమనించడం మొదలుపెట్టారు. పిట్టలతో ఆగలేదు. పాములు, మంచినీటి చేపలు, చీమలు, ఏది కంటపడినా వదిలేవారు కాదు. జీతమిచ్చింది వైద్యానికి, ప్రాణం పెట్టింది వీటికి.

ఆ తర్వాత నెల్లూరుకు సివిల్ సర్జన్‌గా వచ్చారు. మనకు దగ్గరగా అనిపించే భాగం ఇదే. అక్కడి యానాదులకు అడవి కొట్టినపిండి. ఏ జీవి ఎక్కడ ఉంటుందో, ఎప్పుడు బయటికి వస్తుందో వాళ్ళని అడిగి తెలుసుకున్నారు, వాళ్ళ చేత జీవుల్ని తెప్పించుకున్నారు. అంత చదువుకున్న దొర చదువులేని వాళ్ళ దగ్గర పాఠం నేర్చుకున్నాడని మనం గొప్పగా చెప్పుకుంటాం. కానీ ఈరోజుకి జెర్డన్ పేరుతో చాలా పిట్టలున్నాయి, ఆ యానాదుల పేరుతో ఒక్కటీ లేదు. నాకు ఇది ఎప్పటికీ మింగుడుపడదు.

1843 నుంచి 1847 వరకు ఆయన 50 రంగుల బొమ్మలతో పిట్టల పుస్తకం తెచ్చారు. ఆ బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులే. ఆ రోజుల్లో పిట్టను చూడటమంటే తుపాకీతో కొట్టి చేతిలోకి తీసుకోవడమే. ఆ ఒక్క సంగతి మాత్రం మన పిల్లలకు వద్దు.

చీమల మీద ఆయన రాసిన జాబితా 1851లో మద్రాసు పత్రికలో వచ్చింది. దక్షిణ భారతంలో తాను చూసిన చీమల రంగు, కొలత, గూడు, కుట్టే తీరు అన్నీ అందులో ఉన్నాయి. ఎగిరి దూకే చీమను మొదట వర్ణించింది ఆయనే. పెద్ద పెద్ద కళ్ళు, పొడుగాటి దవడలు, కదిలిస్తే గంతేస్తుంది, కుడితే బాగా మండుతుంది. సాలీళ్ళను కూడా వేటాడుతుంది (మా సీసా అబ్బాయికి ఇంకా ఈ సంగతి చెప్పలేదు). తల నల్లగా, నడుము ఎర్రగా, వెనక మళ్ళీ నల్లగా ఉండి చెట్ల బోదెల మీద తిరుగుతూ చురుక్కుమని కుట్టే చీమను మీరూ చూసే ఉంటారు. దానికీ శాస్త్రీయ నామం పెట్టింది ఈయనే.

అన్నిటికంటే నాకు నచ్చింది ఒక పిట్ట కథ. కలివికాయలు కాసే ముళ్ళపొదల్లో రాత్రిపూట తిరిగే ఒక పిట్ట జెర్డన్‌కు దొరికింది. 1848లో దానికి శాస్త్రీయ నామం వచ్చింది. తర్వాత 1862-64లో వచ్చిన పెద్ద పక్షుల గ్రంథంలో ఆయన పిట్టల ఇంగ్లీషు పేర్ల పక్కన మన వాళ్ళు పిలిచే పేర్లు కూడా వేశారు. ఈ పిట్టకు అడవి ఉత్తతిత్తి అని తెలుగు పేరు రాశారు.

1872లో ఆయన ఇంగ్లండులో చనిపోయారు. 1900 ప్రాంతంలో అనంతపురం దగ్గర కనిపించాక ఆ పిట్ట జాడ లేకుండా పోయింది. అంతరించిపోయిందనే అనుకున్నారు. చివరికి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది, అదీ స్థానికుల సాయంతోనే. దాన్నే ఇప్పుడు కలివికోడి అంటున్నాం. జెర్డన్ కాలంలో మన మదనపల్లె కూడా కడప జిల్లాలోనే ఉండేది.

సాలీళ్ళ దగ్గరికే వస్తే, మెరిసే నీలం రంగు సాలీడు ఒకటి మన గుత్తిలో దొరికింది, రైల్వే కట్టెల డిపోలో. 1899లో లండన్‌లో దానికి పేరు పెట్టారు. మళ్ళీ కనిపించడానికి వంద సంవత్సరాలు దాటింది. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చూశారు.

ఆ అమ్మకు ఇచ్చిన మాట పూర్తిగా తప్పలేదు లెండి. సీసా మూతకు చిల్లులు పెట్టించాను. పట్టుకున్నదాన్ని రెండు రోజుల్లో వదిలేయాలనీ, తెలియనిదాన్ని చేత్తో ముట్టుకోకూడదనీ ఒప్పించాను. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో నోట్‌బుక్కులో రాయమన్నాను. నోట్‌బుక్కులో ఇంగ్లీషు పేర్లన్నీ గూగుల్‌లో చూసి రాసుకొచ్చాడు. తెలుగు పేర్ల గడి ఖాళీగా ఉంది. వాళ్ళ అవ్వ పుంగనూరు దగ్గర పల్లెలో ఉంటుందట. ఈ ఆదివారం వెళ్ళి అడిగొస్తానన్నాడు.