అల్లరి నరేన్‌ని పెంచిన అమ్మ

వివేకానంద స్వామి అనగానే మనకి చికాగో సభ గుర్తొస్తుంది. ఈసారి నేను అక్కడిదాకా వెళ్లను. ఆయన పెరిగిన ఇంటి గురించి చెప్తాను. పిల్లాడు ఒక్కచోట కూర్చోడు, కోపమొస్తే పట్టలేం అని బాధపడే అమ్మానాన్నలు మీలో చాలామందే ఉంటారు. ఇది వాళ్ల కోసం.

1863 జనవరి 12, సంక్రాంతి రోజు. కలకత్తాలో హైకోర్టు అటార్నీ విశ్వనాథ దత్తా గారింట నరేన్ పుట్టాడు. తల్లి భువనేశ్వరీ దేవి. మగపిల్లాడి కోసం కాశీలోని వీరేశ్వర శివుడికి బంధువుల చేత పూజలు చేయించి కన్న బిడ్డ. తీరా పుట్టాక ఆ అల్లరికి ఇద్దరు దాదులు కూడా సరిపోయేవారు కాదట! కోపమొస్తే చేతికందింది పగలగొట్టేవాడు. అప్పుడావిడ వాడి నెత్తిన చన్నీళ్లు పోసి, చెవిలో శివనామం చెప్పేది. వాడు చల్లబడేవాడు. శివుణ్ణి కొడుకునిమ్మంటే తన భూతగణంలో ఒకణ్ణి పంపాడని నవ్వుకునేది.

మీరూ చన్నీళ్లు పోయమని కాదండీ నేననేది. కోపంలో ఉన్న పిల్లాడి మీద ఆవిడ ఇంకో కోపం కుమ్మరించలేదు. నాకు నచ్చింది అది.

రామాయణ, భారత కథలు వాడికి మొదట ఆవిడ నోటి నుంచే అందాయి. ఓసారి బళ్లో నరేన్ సరైన జవాబే చెప్పినా, తప్పనుకుని మాస్టారు కొట్టారు. ఏడుస్తూ ఇంటికొచ్చాడు. అమ్మ ఓదార్చింది. నువ్వు చెప్పింది నిజమైతే చాలు, ఫలితం ఎలా ఉన్నా నిజాన్నే పట్టుకో అని నేర్పింది.

నాన్నగారి పద్ధతి ఇంకోరకం. ఒకనాడు నరేన్ అమ్మని దురుసుగా ఏదో అన్నాడు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. స్నేహితులొచ్చి కూర్చునే గది తలుపు మీద, నరేన్ ఇవాళ వాళ్లమ్మని ఇలా అన్నాడు అంటూ ఆ మాటల్నే బొగ్గుతో రాసి వెళ్లిపోయారు. 1877లో రాయపూర్ వెళ్లినప్పుడు అక్కడ సరైన బడి లేకపోతే తనే చదువు చెప్పారు. పెద్దలతో వాదించనిచ్చారు.

ఇంతవరకు వింటే, ఇలా పెంచితే మన పిల్లలూ గొప్పవాళ్లయి మనల్ని సుఖపెడతారు అనిపిస్తుంది. కథ అక్కడితో ఆగలేదు.

1884లో నాన్నగారు పోయారు. మిగిలింది అప్పులు, బంధువులతో ఇంటి తగాదా. తిండి సరిపోని రోజుల్లో నరేన్ బయట భోజనానికి పిలిచారని అమ్మకి అబద్ధం చెప్పి, తన వాటా మిగతావాళ్లకి వదిలి వెళ్లేవాడు. ఇంటికి పెద్దకొడుకు. అలాంటివాడు 1887లో సన్యాసం తీసుకున్నాడు. నిజాన్నే పట్టుకోమన్న తల్లికి ఆ నిజం వల్లే కొడుకు దూరమయ్యాడు.

అయినా ఆ బంధం తెగలేదు. 1893లో, అమెరికా ప్రయాణానికి ముందు మద్రాసులో ఉండగా, అమ్మ పోయినట్టు కలొచ్చి స్వామీజీ విలవిల్లాడారు. క్షేమం తెలిశాకే కుదుటపడ్డారు. ఆయన కోరిక మీద ఖేత్రీ మహారాజా అజిత్ సింగ్ ఆ ఇంటికి నెలనెలా డబ్బు పంపేవారు. 1901లో అమ్మని తూర్పు బెంగాల్ తీర్థయాత్రకి తీసుకెళ్లారు. మరుసటి ఏడాది జులై 4న, 39 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆవిడ 1911 దాకా బతికే ఉంది.

పెంపకం అంటే రేపటి ఫలితం కోసం కట్టే వాయిదాలు కాదని నాకు ఈ తల్లి జీవితం చూశాకే అర్థమైంది. పిల్లలు మనం అనుకున్నట్టే అవుతారన్న హామీ ఆవిడకీ దొరకలేదు. కోపంలో ఓర్పు, రోజూ ఓ కథ, నిజం చెప్పిన బిడ్డ పక్కన నిలబడటం. ఆవిడ చేతిలో ఉన్నవి అవే, మన చేతిలో ఉన్నవీ అవే. ఇవాళ రాత్రి ఫోన్ పక్కన పెట్టి మీ పిల్లలకి ఓ కథ చెప్పండి. శుభం.