మన యల్లాప్రగడ సుబ్బారావు: కిడ్నీ పేషెంట్ల బ్లడ్ రిపోర్ట్‌లో ఆయన కష్టం కూడా ఉంది!

బసంత్‌నగర్‌లో అయినా, గోదావరిఖనిలో అయినా కిడ్నీ పేషెంట్ బ్లడ్ రిపోర్ట్‌లో సీరం ఫాస్ఫరస్ అని ఒక లైన్ కనిపిస్తుంది. కిడ్నీలు దెబ్బతినడానికి పెద్ద కారణం షుగర్. కిడ్నీ పని తగ్గితే రక్తంలో ఫాస్ఫరస్ పేరుకుపోతుంది, ఎముకలు బలహీనపడతాయి, రక్తనాళాలు గట్టిపడతాయి. అందుకే డాక్టర్లు ఈ నంబర్‌ని వదలకుండా చూస్తారు. దాన్ని పక్కాగా కొలిచే దారి చూపించిన ఇద్దరిలో ఒకరు తెలుగువారే.

భీమవరం నుంచి బోస్టన్‌కు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ పాసవ్వడానికి మూడుసార్లు పరీక్ష రాయాల్సి వచ్చింది. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ఇంగ్లీష్ ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. దాంతో ఎంబీబీఎస్ బదులు కింది స్థాయి ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. అదే జబ్బు ఆయనకూ వస్తే ఆయుర్వేదంతో బయటపడ్డారు.

మామగారు, దాతలు ఇచ్చిన డబ్బుతో బోస్టన్‌లో దిగారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆ తర్వాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. సుబ్బారావు మళ్లీ ఇండియాకి రానేలేదు. ఖర్చుల కోసం ఆస్పత్రిలో పోర్టర్‌గానూ పనిచేశారు.

1925: నీలం రంగు టెస్ట్

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఒక పేపర్ ప్రచురించారు. రక్తంలో ప్రొటీన్ తీసేసి, మోలిబ్డేట్ కలిపి, ఇంకో కెమికల్ వేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. అంతే! ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచమంతా ల్యాబ్‌లలో నడిచింది. ఇప్పటి మెషీన్లు మారాయి కానీ, మోలిబ్డేట్‌తో కొలిచే పద్ధతి చాలాచోట్ల ఇంకా ఉంది.

ఇదే పనిముట్టుతో ఇద్దరూ 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియేటిన్‌ని, 1929లో ఏటీపీని బయటపెట్టారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టారు. మనం తిన్న షుగర్ ఒంట్లో శక్తిగా మారి చేరేది ఈ ఏటీపీలోకే.

పేరు లేని పేపర్లు

ఇన్ని చేసినా హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్ట్ దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ల్యాబ్స్‌కి వెళ్లారు. అక్కడ ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారు చేసింది. దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్‌ని కూడా తయారు చేసింది. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఆ మందు ఇస్తే బ్లడ్ క్యాన్సర్ పిల్లల్లో కొందరికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. 1948 జూన్‌లో వచ్చిన ఆ పేపర్ రచయితల లిస్ట్‌లో సుబ్బారావు పేరు లేదు. అదే కోవలో వచ్చిన మెథోట్రెక్సేట్‌ని క్యాన్సర్‌కీ, కీళ్లవాతానికీ నేటికీ వాడుతున్నారు.

టెట్రాసైక్లిన్ రకంలో తొలి యాంటీబయోటిక్ ఆరియోమైసిన్ కూడా ఆయన డైరెక్టర్‌గా ఉన్న ల్యాబ్‌లోనే పుట్టింది. దాన్ని కనిపెట్టిన ఘనత బెంజమిన్ డగ్గర్ పేరు మీద ఉంది. మన దగ్గర బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర ఉంది కదా, అది కూడా సుబ్బారావు టీమ్ తెచ్చిన హెట్రజానే.

1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53 ఏళ్లే. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేరిట స్టాంప్ విడుదల చేసింది.

నోబెల్ రాలేదు, చాలా పేపర్ల మీద పేరూ రాలేదు. కానీ మందుల షాపులో, ల్యాబ్‌లో ఆయన పని రోజూ నడుస్తూనే ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే కిడ్నీ టెస్టులు వాయిదా వేయకండి. ఫాస్ఫరస్ టెస్ట్ ఎప్పుడు అవసరమో డాక్టర్‌నే అడగండి.