సూర్యుడిలో ఏముందో చెప్పిన కిర్కాఫ్



ఏ తీగలో ఎంత కరెంటు పోతుందో లెక్క కట్టడానికి ఇంజనీర్లు ఇప్పటికీ రెండు నియమాలు వాడతారు. వాటిని ఇచ్చింది 21 ఏళ్ల విద్యార్థి అంటే నమ్ముతారా? ఆయనే గుస్తావ్ రాబర్ట్ కిర్కాఫ్.

1824 మార్చి 12న ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు రష్యాలో ఉంది, పేరు కాలినిన్‌గ్రాడ్. అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుతూనే 1845లో ఆ నియమాలు ప్రకటించారు. మొదటిది: తీగలు కలిసే చోటికి వచ్చే కరెంటు ఎంతో, అక్కడినుంచి పోయే కరెంటు మొత్తం అంతే. బడి ట్యాంకు పైపు రెండుగా చీలితే, రెండు పాయల్లో పోయే నీళ్లు కలిపితే పైపులో వచ్చినన్ని నీళ్లే కదా! రెండోది: వలయం చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వస్తే, పెరిగిన వోల్టేజీ, తగ్గిన వోల్టేజీ సరిసమానం.

తర్వాత రసాయన శాస్త్రవేత్త బున్సెన్‌తో స్నేహం కుదిరింది. మన ల్యాబులోని బర్నర్‌కు ఉన్న పేరు ఆయనదే. 1854 నుంచి ఇద్దరూ హైడల్‌బర్గ్‌లో పనిచేశారు. బున్సెన్ లవణాలను మంటలో పెట్టి రంగును బట్టి గుర్తుపట్టేవారు. ఆ వెలుగును పట్టకం గుండా చూద్దామన్నారు కిర్కాఫ్. ప్రతి మూలకానికీ తనవే అయిన గీతలు కనిపించాయి, మనిషికి వేలిముద్రల్లాగా. ఈ పద్ధతితోనే 1860లో సీజియం, 1861లో రుబీడియం బయటపడ్డాయి.

ఇక అసలు సంగతి. సూర్యకాంతి వర్ణపటంలో నల్లని గీతలు ఉంటాయని అప్పటికే తెలుసు. ఎందుకుంటాయో తెలీదు. 1859లో కిర్కాఫ్ సూర్యకాంతికి అడ్డంగా సోడియం మంట పెట్టారు. మంటలోని పసుపు వెలుగు ఆ నల్ల గీతను నింపేస్తుందని ఎవరైనా అనుకుంటారు. కానీ గీత ఇంకా నల్లబడింది! సోడియం ఆవిరి ఏ వెలుగును ఇస్తుందో ఆ వెలుగునే పీల్చుకుంటుందని ఆయన గ్రహించారు. అంటే సూర్యుడి వాతావరణంలో సోడియం ఉన్నట్టే. నక్షత్రాల్లో ఏ పదార్థం ఉందో మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడని తత్వవేత్త కోంత్ చెప్పి పాతికేళ్లైనా కాలేదు.

ఈ విద్య మన తెలుగు నేలకూ వచ్చింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్సెన్ వర్ణపటదర్శినితో గుంటూరు వచ్చారు. ఆ గ్రహణంలో పరిశీలకులకు ఒక పసుపు గీత కనిపించింది. అది సోడియంది కాదనీ, కొత్త మూలకానిదనీ తర్వాత తేలింది. అదే హీలియం.

కిర్కాఫ్ జీవితం సుఖంగా సాగలేదు. కాలికి దెబ్బ తగిలి ఏళ్ల తరబడి ఊతకర్రలతో, చక్రాల కుర్చీలో గడిపారు. 1869లో భార్య చనిపోయారు, పిల్లలు చిన్నవాళ్లు. ప్రయోగాలకు ఒళ్లు సహకరించక 1875లో బెర్లిన్ వెళ్లి పాఠాలు చెప్పారు. అక్కడ ఆయన పాఠాలు విన్న మాక్స్ ప్లాంక్, వేడి వస్తువుల కాంతి గురించి గురువు వదిలిన ప్రశ్నకు 1900లో జవాబు కనిపెట్టారు. 1887 అక్టోబర్ 17న కిర్కాఫ్ కన్నుమూశారు.

పిల్లలూ, ప్రయోగంలో పుస్తకంలోని అంకె రాకపోతే మీలో కొందరు చెరిపేసి పుస్తకంలోదే రికార్డులో రాసేస్తారు. నాకు తెలుసు! గీత నల్లబడిన రోజున కిర్కాఫ్ అలా చేసి ఉంటే? ఈసారి మీకు ఏది వచ్చిందో అదే రాయండి. ఎందుకలా వచ్చిందో అడగడానికి నా దగ్గరకు రండి.