అంగుళాల తేడాలో ప్రాణాలు దక్కాయి.. నవ్వకుండా ప్రపంచాన్ని నవ్వించిన బస్టర్ కీటన్ కథ ఇదీ!

ఫోన్‌లో రీల్స్ చూసేవాళ్లకు ఈ క్లిప్ ఎప్పుడో ఒకప్పుడు కనిపించే ఉంటుంది. పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా. భీకరమైన గాలివాన. రోడ్డు మీద ఒక మనిషి బిత్తరపోయి నిలబడి ఉంటాడు. వెనక ఉన్న ఇంటి ముందు గోడ మొత్తం ఒక్కసారిగా అతని మీద పడిపోతుంది. కానీ పైఅంతస్తు కిటికీ సరిగ్గా అతను నిలబడ్డ చోటికే రావడంతో చెక్కుచెదరకుండా బయటపడతాడు. కింద కామెంట్లలో గ్రాఫిక్స్ అని కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ. అది గ్రాఫిక్స్ కాదు. 1928లో వచ్చిన స్టీమ్‌బోట్ బిల్ జూనియర్ సినిమా అది. గోడ నిజం, దాని బరువు దాదాపు 2 టన్నులని చెబుతారు. కిటికీకీ ఆ మనిషి తలకూ మధ్య ఖాళీ కొన్ని అంగుళాలే. షాట్ తీస్తున్నప్పుడు యూనిట్‌లో కొందరు చూడలేక మొహం తిప్పేసుకున్నారట.

ఆ మనిషే బస్టర్ కీటన్. అసలు పేరు జోసెఫ్ ఫ్రాంక్ కీటన్. అంత రిస్క్ ఎందుకు చేశాడన్నది తర్వాత చూద్దాం. ముందు చిన్నతనం సంగతి.

1895 అక్టోబర్ 4న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, పిక్వా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అది సొంతూరేం కాదు. తల్లిదండ్రులు జో, మైరా ఊరూరా తిరుగుతూ ఆటపాటలతో జనాన్ని పోగేసి మందులు అమ్మే బృందంలో పని చేసేవాళ్లు. ఆ రోజు వాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు, అంతే. పసివాడిగా మెట్ల మీంచి దొర్లి పడినా దెబ్బ తగలకపోవడంతో బస్టర్ అనే పేరు వచ్చిందంటారు. ఆ పేరు పెట్టింది ప్రఖ్యాత మాంత్రికుడు హౌడినీ అని కూడా ఒక కథ ఉంది. కీటన్ కుటుంబం చెప్పే కథల్లో నిజమెంతో, మసాలా ఎంతో తేల్చడం కష్టం.

ఆ రోజుల్లో అమెరికాలో వాడెవిల్ అంటే పిచ్చి క్రేజ్. ఒకే టికెట్ మీద పాట, డాన్స్, మ్యాజిక్, సర్కస్ ఫీట్లు, కామెడీ స్కిట్లు అన్నీ వరసగా వచ్చే స్టేజ్ షో అది. ఐదేళ్లు నిండే వేళకే బస్టర్ అమ్మానాన్నలతో కలిసి స్టేజ్ ఎక్కేశాడు. ముగ్గురు కీటన్లు అని బృందానికి పేరు. ఐటమ్ ఏంటంటే.. అల్లరి చేసే కొడుకును తండ్రి పట్టుకుని విసిరేయడం! స్టేజ్ తెరల మీదకి, ఒక్కోసారి ప్రేక్షకుల వైపుకి కూడా. విసరడానికి వీలుగా పిల్లాడి డ్రెస్‌కి సూట్‌కేస్ పిడి కుట్టేశారు.

ఇప్పుడు ఇలాంటి వీడియో పెడితే పోలీస్ కేసే. అప్పుడూ ఊరుకోలేదు. న్యూయార్క్‌లో పిల్లల సంరక్షణ సంఘం వాళ్లు వెంటపడ్డారు. పిల్లాడి చొక్కా విప్పించి ఒంటి మీద దెబ్బల గుర్తులు వెతికేవాళ్లట. ఏమీ దొరికేవి కావు. అయినా రెండేళ్ల పాటు ఆ కుటుంబం న్యూయార్క్ స్టేజీలకు దూరంగా ఉండాల్సి వచ్చింది. తనకు ఎప్పుడూ దెబ్బ తగల్లేదని, ఎలా పడాలో ముందే నేర్చుకున్నానని బస్టర్ జీవితాంతం తండ్రిని వెనకేసుకొచ్చాడు. ఆ మాటను పూర్తిగా నమ్మాలా అన్నది వేరే ప్రశ్న. బడి చదువు మాత్రం దాదాపు సున్నా.

అక్కడే ఒక రహస్యం కనిపెట్టాడు. పడి లేచాక తాను నవ్వితే జనం తక్కువ నవ్వుతున్నారు. మొహం బిగించుకుని ఏమీ జరగనట్టు నిలబడితే హాలు దద్దరిల్లిపోతోంది. అంతే, ఆ రోజు నుంచి స్టేజ్ మీద నవ్వడం మానేశాడు. తర్వాత ప్రపంచమంతా రాతి మొహం అని పిలిచింది దాన్నే.

వయసొచ్చే కొద్దీ తండ్రి తాగుడు ముదిరింది. గాల్లో ఎగిరే కొడుకుకి, పట్టుకునే తండ్రి చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైనా ప్రమాదమే. 1917లో బృందాన్ని రద్దు చేసి బస్టర్ ఒంటరిగా న్యూయార్క్ వెళ్లిపోయాడు. బ్రాడ్వే షోలో వారానికి 250 డాలర్ల జీతంతో ఛాన్స్ వచ్చింది. అప్పుడే కామెడీ స్టార్ రోస్కో ఆర్బకల్ సినిమా షూటింగ్ చూడటానికి వెళ్లి అక్కడే ఇరుక్కుపోయాడు. అతన్ని లాగేసింది యాక్టింగ్ కంటే కెమెరా. దాన్ని విడదీసి ఎలా పనిచేస్తుందో చూసే దాకా నిద్రపట్టలేదంటారు. బ్రాడ్వే ఉద్యోగం వదిలేసి వారానికి 40 డాలర్లకు సినిమాల్లో చేరాడు. మొదటి సినిమా ద బుచర్ బాయ్‌లో బెల్లం పాకం లాంటి జిగురులో టోపీ, కాలు అతుక్కుపోయే సీన్ చేశాడు. ఈ సీన్ గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1920 నుంచి సొంత యూనిట్. మూడేళ్లలో 19 చిన్న సినిమాలు, ఆ తర్వాత వరసగా పెద్దవి. స్క్రిప్ట్ అంటూ ఉండేది కాదు. మొదలు, ముగింపు తెలిస్తే చాలు, మధ్యలోది సెట్‌లో పుట్టేది. ఐడియా తట్టకపోతే షూటింగ్ ఆపేసి అందరూ బేస్‌బాల్ ఆడేవాళ్లు! ద ప్లేహౌస్‌లో ఒకే ఫ్రేమ్‌లో తొమ్మిది మంది కీటన్లు కనిపిస్తారు. లెన్స్‌కు మూతలు పెట్టి అదే ఫిల్మ్‌ను మళ్లీ మళ్లీ తిప్పి తీశారు, అదీ 1921లో. షెర్లాక్ జూనియర్‌లో రైల్వే ట్యాంక్ నీళ్లు మీద పడి మెడ ఎముక విరిగింది. తలనొప్పి అనుకుని పని చేసుకుంటూ పోయాడు. ఏళ్ల తర్వాత ఎక్స్‌రే తీస్తే కానీ అసలు సంగతి తెలియలేదు.

1926 నాటి ద జనరల్ కోసం ఒరెగాన్‌లో కాలుతున్న వంతెన మీంచి నిజమైన రైలింజన్‌ను నదిలో పడేశాడు. ఆ ఒక్క షాట్ ఖర్చు 42 వేల డాలర్లని లెక్క. ఆ తుక్కు రెండో ప్రపంచ యుద్ధం రోజుల దాకా నదిలోనే పడి ఉంది. సినిమా మాత్రం ఫ్లాప్. విమర్శకులు ఏకిపారేశారు. అదే సినిమాను 1972లో ప్రపంచ ఉత్తమ సినిమాల టాప్ 10లో పెట్టారు. అప్పటికి కీటన్ లేడు.

ఇక గోడ కూలిన సీన్ దగ్గరికి వద్దాం. ఆ షూటింగ్ రోజుల్లోనే నిర్మాత జోసెఫ్ షెంక్ పిడుగులాంటి కబురు చెప్పాడు. సొంత స్టూడియో మూసేస్తున్నారు, కీటన్ ఎంజీఎంకు వెళ్లాలి. పేరు కీటన్‌దే కానీ కంపెనీలో ఒక్క వాటా కూడా అతనిది కాదు. ఆ దిగులులోనే చావుకు తెగించి గోడ కింద నిలబడ్డాడని చెబుతారు.

చాప్లిన్ వెళ్లొద్దన్నాడు. అయినా కీటన్ సంతకం పెట్టాడు. జీవితంలో చేసిన అతి పెద్ద తప్పు అదేనని తర్వాత ఒప్పుకున్నాడు. వారానికి 3 వేల డాలర్లు వచ్చేవి, స్వేచ్ఛ పోయింది. ప్రతి సీనూ కాగితం మీద ఉండాలి. ఫీట్లు చేయడానికి వీల్లేదు. మాటల సినిమాలు రాగానే ఒకే కథను వేరే భాషల్లో మళ్లీ నటించమన్నారు. స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ డైలాగులు అర్థం తెలియకుండా బట్టీపట్టి చెప్పాడు. విచిత్రం ఏంటంటే, కీటన్‌కే నచ్చని ఆ సినిమాలు డబ్బులు బాగానే తెచ్చాయి. దాంతో స్టూడియో అతని మాట వినాల్సిన అవసరమే లేకపోయింది.

తండ్రి తాగుడు చూసి పారిపోయిన కొడుకు తానే సీసా పట్టాడు. 1932లో భార్య నటాలీ టాల్‌మడ్జ్ విడాకులు తీసుకుంది. ఇల్లు ఆమెకు, ఇద్దరు కొడుకులూ ఆమెకే. పిల్లల ఇంటిపేరు కూడా టాల్‌మడ్జ్‌గా మారిపోయింది. 1933లో ఎంజీఎం తీసేసింది. రెండో పెళ్లి కూడా ఎక్కువ కాలం నిలవలేదు. కొన్నాళ్లకు అదే ఎంజీఎంలో వారానికి 100 డాలర్లకు ఇతరుల సినిమాలకు జోకులు రాసే పనిలో చేరాడు. 1940లో తనకన్నా 20 ఏళ్లకు పైగా చిన్నదైన డాన్సర్ ఎలియనార్ నోరిస్‌ను పెళ్లాడాడు. నిలవదని అంతా అన్నారు. చివరిదాకా నిలిచింది, మనిషిని నిలబెట్టింది.

ఈ మనిషిని మళ్లీ జనంలోకి తెచ్చింది సినిమా కాదు, టీవీ. 1949లో లైఫ్ పత్రికలో మూకీ కామెడీ మీద వచ్చిన పెద్ద వ్యాసం కీటన్‌ను గుర్తుచేసింది. ఆ ఏడాది చివర్లో లాస్ ఏంజిలెస్ లోకల్ ఛానల్‌లో సొంత షో మొదలైంది. అదంతా లైవ్. రీటేక్ లేదు, ఎడిటింగ్ లేదు, ఎదురుగా జనం. హాలీవుడ్ హీరోలు భయపడే ఆ పద్ధతి వాడెవిల్‌లో పెరిగినవాడికి సొంతిల్లు. ఎడ్ విన్ టీవీ షోలో 32 ఏళ్ల నాటి ఆ పాకం సీన్‌ను మళ్లీ చేసి చూపించాడు. టేబుల్ మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు కూడా పెట్టబోయి, గాల్లో ఒక క్షణం ఆగి దబ్బున పడటం.. 50 దాటాక కూడా డూప్ లేకుండా తానే చేసేవాడు. వారం వారం కొత్త కామెడీ పుట్టించడం మాత్రం ఒళ్లు హూనం చేసింది.

యాడ్స్ చేశాడు, క్యాండిడ్ కెమెరాలో కనిపించాడు. 1961లో ద ట్విలైట్ జోన్ సిరీస్‌లో సగం మూకీగా తీసిన ఎపిసోడ్‌లో నటించాడు. చాప్లిన్‌తో లైమ్‌లైట్‌లో ఒకే స్టేజ్ పంచుకున్నాడు. జీవితకథ హక్కులకు పారమౌంట్ 50 వేల డాలర్లిస్తే వుడ్‌లాండ్ హిల్స్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. సినిమా చెత్తగా వచ్చింది, ఇల్లు మిగిలింది. ఈలోగా అతని పాత బంగళాలో ఉంటున్న నటుడు జేమ్స్ మేసన్‌కు అక్కడ మూలన పడి ఉన్న మూకీ సినిమాల రీళ్లు దొరికాయి. అవే లేకపోతే కొన్ని ఈ రోజు చూడటానికే ఉండేవి కావు. 1960లో గౌరవ ఆస్కార్ వచ్చింది. ప్రాజెక్ట్ ఎ 2లో జాకీ చాన్ మీద గోడ కూలే సీన్ ఎక్కడిదో ఇక చెప్పక్కర్లేదు.

70కి దగ్గరపడ్డాక కూడా ద రైల్‌రాడర్ కోసం పట్టాల మీద చిన్న బండిలో కెనడా మొత్తం చుట్టాడు. 1965 సెప్టెంబర్‌లో వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో జనం లేచి నిలబడి ఆపకుండా చప్పట్లు కొట్టారు. అప్పటికే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ముదిరింది. ఆ విషయం అతనికి చెప్పలేదు, మామూలు దగ్గే అనుకున్నాడు. 1966 ఫిబ్రవరి 1న ఆ వుడ్‌లాండ్ హిల్స్ ఇంట్లోనే కన్నుమూశాడు. ఆ ఏడాదే విడుదలైన ఎ ఫన్నీ థింగ్ హ్యాపెన్డ్ ఆన్ ద వే టు ద ఫోరమ్ సినిమాలో రోమ్ కొండల మీద పరుగెత్తే ముసలాయన అతనే.