చీనా దేశమున మత్తయి రిచ్చీ

మా తరగతిగది గోడమీద వ్రేలాడు ప్రపంచ పటమును చూచి యొక బాలుడు, ఐరోపా ఖండము పటము నడుమ నుండుటకు కారణమేమని మమ్ము అడిగెను. భూమి గుండ్రనిది గావున దాని ఉపరితలమునకు నడుమ యనునది లేదనియు, పటము గీచినవారు తమ దేశమును నడుమ నుంచుకొనిరనియు చెప్పితిమి. వాడు అంతటితో ఊరకుండక, మతములలోను నడుమ నుండున దేదియు లేదా యని మరియొక ప్రశ్న వేసెను. ఇంతలో గంట కొట్టిరి. గంట మమ్ము రక్షించెను గాని, ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. మేము క్రైస్తవులము, మా విశ్వాసము మాకు ప్రాణప్రదము. హిందూ మహమ్మదీయ క్రైస్తవ బాలురు ఒకే బల్లమీద కూర్చుండు పాఠశాలలో పాఠములు చెప్పుచున్నాము. ఏమి చెప్పినను తేలికగా చెప్పుటకు వీలులేదు. అందుచేత ఆ బాలునికి బదులుగా, ఇట్టి పటముతోనే చిక్కుపడిన యొకని చరిత్రను ఇచ్చట వ్రాయుచున్నాము. ఆయన రోమను కతోలిక సభవాడు. మా మిషను ఆ సభకు చెందినది కాదు. చదువరులు దానిని లెక్కింపరని నమ్ముచున్నాము.

మత్తయి రిచ్చీ 1552వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీని ఇటలీ దేశమందలి మాచెరాతా పట్టణమున జన్మించెను. తండ్రి ఔషధముల వర్తకుడు. గోవానుండి చీనాకు పోగోరిన ఫ్రాన్సిస్ జేవియరు ఆ దేశపు ముంగిట నొక దీవిలో మరణించినది ఆ సంవత్సరముననే. కుమారుడు న్యాయశాస్త్రము చదువవలెనని తండ్రి అతనిని రోము నగరమునకు పంపెను. కుమారుడు దానిని విడిచి 1571లో యేసు సభలో చేరెను. అక్కడ క్లావియసు అను ప్రసిద్ధ గణితవేత్త యొద్ద గణితమును, ఖగోళశాస్త్రమును అభ్యసించెను. తరువాత చీనాలో ఎన్నో తలుపులు తెరచినది ఆ విద్యయే.

1578లో రిచ్చీ గోవా చేరెను. మన దేశమున నాలుగేండ్లకు లోపుగా ఉండి, అక్కడి కళాశాలలో పాఠములు చెప్పెను. 1580లో కొచ్చిన్‌లో గురువుగా అభిషేకము పొందెను. ఈ కాలమున జరిగిన యొక సంగతిని జీవితచరిత్రకారులు ఒకటి రెండు వాక్యములలో దాటిపోవుదురు గాని, మేము దాటిపోజాలము. భారతీయ విద్యార్థులు ఐరోపీయులతో కలిసి తత్త్వశాస్త్రమును, వేదాంతశాస్త్రమును చదువరాదనియు, ఎక్కువ చదివినచో గర్వింతురనియు గోవాలోని పెద్దలు నిర్ణయించిరి. ముప్పదియేండ్లైనను నిండని యీ ఉపాధ్యాయుడు 1581లో రోములోని తన సభాధిపతికి లేఖ వ్రాసి దానిని ఆక్షేపించెను. చదువు గర్వము పుట్టించునేని ఐరోపీయులకును పుట్టించును. రేపు ప్రజలకు బోధింపవలసినవారిని నేడు అజ్ఞానమున నుంచుట యెట్టి నీతి యని ఆయన వాదము. తన మతము సత్యమని ఆయనకు సందేహ మెన్నడును లేదు. ఐనను, ఆ మతమును తెచ్చిన జాతి తక్కిన జాతులకంటె గొప్పదని దానివలన సిద్ధింపదని ఆ వయస్సుననే గ్రహించెను. ఈ రెండింటిని వేరుపరుపజాలనివారు పండితులలోను పెక్కుమంది గలరు.

1582లో మకావు చేరి చీనాభాష నేర్చుకొన మొదలిడెను. మరుసటి సంవత్సరము రుజ్జేరి అను సహచరునితో దక్షిణ చీనాలోని చావోచింగ్ పట్టణమున నివసించుటకు అనుమతి దొరకెను. మతబోధకులనగా ఆ దేశమువారికి బౌద్ధ భిక్షువులే తెలియును గనుక, వీరిద్దరును తలలు గొరిగించుకొని భిక్షువుల వస్త్రములు ధరించిరి. ఇది మంచి యోచన వలె కనబడెను గాని కాదు. ఆ దేశమును ఏలువారు పరీక్షలలో తేరిన విద్వాంసులు. వారిలో పెక్కుమందికి భిక్షువులయెడల గౌరవము తక్కువ. ఈ సంగతి తెలియుటకు రిచ్చీకి పండ్రెండేండ్లు పట్టెను.

చావోచింగ్ ఇంటి గోడకు ఆయన యొక ఐరోపా ప్రపంచ పటమును తగిలించెను. చూడవచ్చిన విద్వాంసులు ఆశ్చర్యపడిరి. వారి పటములలో చీనా దేశమే దాదాపు పటమంతయు నిండియుండును; అన్యదేశములు అంచులను చిన్న చిన్న దీవులవలె నుండును. తమ దేశమునకు నడిమి రాజ్యమనియే పేరు. అట్టి రాజ్యము ఈ పటమున కుడి అంచున ఒదిగియున్నది. రిచ్చీ వారితో వాదింపలేదు. 1584లో చీనా అక్షరములతో క్రొత్త పటము సిద్ధము చేసి, పసిఫిక్ మహాసముద్రమును నడుమకు తెచ్చెను. చీనా నడుమకు దగ్గరగా వచ్చెను. ఆయన పుట్టిన ఐరోపా ఎడమ అంచునకు పోయెను. ఇది ముఖస్తుతి యని కొందరందురు. మాకట్లు తోచదు. ఒక దేశపు కొలతనైనను ఆయన తప్పుగా చూపలేదు. గుండ్రని భూమిని ఎచ్చట కోసి పరచినను పటమగును. చీనావారికి తమ దేశము లోకమంతయు కాదని తెలిసినది. ఐరోపాను అంచున నుంచినంతమాత్రమున లోకము తలక్రిందులు కాదని మనకు తెలిసినది. ఈ పటమును ఆయన పలుమారులు సవరించెను. 1602లో లి జిజావో అను అధికారి సహాయమున పెకింగులో ఆరు భాగములుగా అచ్చువేయించిన గొప్ప పటము ప్రతులు కొన్ని నేటికిని నిలిచియున్నవి.

1595లో భిక్షువేషము విడిచి, గడ్డము పెంచి, విద్వాంసుల పట్టువస్త్రములు ధరించెను. అంతకుపూర్వమే కన్‌ఫ్యూషియసు మతమునకు మూలములైన నాలుగు గ్రంథములను గురువుల యొద్ద చదివి, లాటినులోనికి మార్చుచుండెను. ఆ యేడే స్నేహమునుగూర్చి చీనాభాషలో చిన్న గ్రంథము వ్రాసెను. గ్రీకు రోమను పెద్దల మాటలను ఏర్చికూర్చిన పుస్తకమది. దానిని చదివిన విద్వాంసులు, సముద్రముల కవతలను నీతి యున్నదని మెచ్చుకొనిరి. అన్యులలో నీతి యుండుట చూచి ఆశ్చర్యపడుట ఇరుపక్షములవారికిని ఉన్నదే.

చక్రవర్తిని చూడవలెనను కోరిక మాత్రము తీరలేదు. 1600లో పెకింగునకు పోవుచుండగా, దారిలో మాటాంగ్ అను రాజోద్యోగి ఆయనను నెలలతరబడి నిర్బంధించెను. సామానులో సిలువవేయబడిన క్రీస్తు ప్రతిమ దొరకగా, అది చక్రవర్తిని చంపుటకు చేసిన చేతబడి యని అతడు భయపడెను. మనకు పూజ్యమైనది ఇతరుల కంటికి ఎట్లు కనబడునో యిచ్చట తెలియుచున్నది. తుదకు 1601 జనవరిలో రాజధాని ప్రవేశించి, వాన్‌లీ చక్రవర్తికి గంటలుకొట్టు గడియారములను, తంత్రీవాద్యమును, చిత్రములను కానుకలిచ్చెను. చక్రవర్తి ఎవరికిని కనబడడు. రిచ్చీ ఖాళీ సింహాసనమునకు సాగిలపడి నమస్కరించెను. గడియారములు నిలిచిపోయినప్పుడెల్ల బాగుచేయువారు కావలెను గనుక, పెకింగులో నుండనిచ్చిరి.

ఆ నగరముననే 1605లో ఒక వినోదము జరిగెను. కైఫెంగ్ పట్టణపు యూదుడొకడు, పెకింగులో ఏకదేవుని పూజించు పరదేశులున్నారని విని, తమవారే యనుకొని వచ్చెను. బాలయేసును యోహానును కలిగిన మరియమ్మ పటమును చూచి, అది రిబ్కాయు ఆమె కుమారులైన యాకోబు ఏశావులును అనుకొని వంగి నమస్కరించెను. రిచ్చీయు మొదట ఆ వచ్చినవాడు ప్రాచీన క్రైస్తవుడని తలంచి సంతోషించెను. ఇద్దరును కొంతసేపటివరకు తమతమ బంధువులను కనుగొన్నామనుకొనిరి!

షు గువాంగ్‌చీ యను విద్వాంసుడు 1603లో క్రైస్తవుడై పౌలను పేరు పొందెను. అతడును రిచ్చీయును కలిసి యూక్లిడు క్షేత్రగణితములోని మొదటి ఆరు భాగములను చీనాభాషలోనికి తెచ్చి 1607లో అచ్చువేయించిరి. గురువు నోట చెప్పుచుండ శిష్యుడు వ్రాసెను; సరియైన మాట దొరకువరకు తిరిగి తిరిగి వ్రాసెను. క్షేత్రగణితమునకు వారు పెట్టిన పేరే నేటికిని చీనా పాఠశాలలలో వాడబడుచున్నది. పరభాషలోని శాస్త్రపదములను తెలుగు చేయ ప్రయత్నించిన ఉపాధ్యాయులకు ఈ శ్రమ యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంతవరకు మెచ్చుకొన్నాము గాని, ఆయన దోషములను దాచుట ధర్మము కాదు. కన్‌ఫ్యూషియసు గ్రంథములను శిష్యునివలె చదివిన రిచ్చీ, బౌద్ధ గ్రంథముల యొద్దకు ప్రతివాదివలె పోయెను. పునర్జన్మ సిద్ధాంతము గ్రీకు తత్త్వవేత్త పైథాగొరసు కల్పించినదనియు, అది భారతదేశమునకు పోగా అక్కడ బౌద్ధులు గ్రహించిరనియు 1603లోని తన గ్రంథమున వ్రాసెను. ఉపనిషత్తుల పేరు విన్న మన విద్యార్థులు నవ్వుదురు. హాంగ్‌చౌలోని చుహుంగ్ అను వృద్ధ భిక్షువు తరువాత క్రైస్తవబోధను ఖండించుచు వ్రాసెను; తన మతమును సరిగా తెలియక నిందించిరని బౌద్ధులు నొచ్చుకొనుట న్యాయమే.

ఇంతకంటె విచిత్రమైనది మరియొకటి. 1595లో స్వదేశమునకు వ్రాసిన లేఖలో రిచ్చీ చీనావారి అపోహలను లెక్కించుచు, ఆకాశము ఒకదానిలో నొకటి యిమిడిన గట్టి గోళములుగా గాక శూన్యముగ నున్నదనియు, నక్షత్రములు ఆ శూన్యమున చరించుననియు వారు తలంతురని ఎగతాళి చేసెను. భూమి గుండ్రనిదనుటలో ఆయనయే సరి. వారు బల్లపరుపని తలంచిరి. ఆకాశ విషయమున మాత్రము ఆయన నవ్విన మాటయే సత్యమునకు దగ్గరది. భూమియే సూర్యుని చుట్టు తిరుగునని చెప్పిన కోపర్నికసు గ్రంథము ఐరోపాలో 1543లోనే వెలువడియుండెను; రిచ్చీ మాత్రము భూమి విశ్వమునకు నడుమ నున్నదనియే చీనావారికి బోధించెను. పటమునుండి తీసివేసిన నడుమను ఆకాశములో నిలుపుకొనెను.

1610 మే 11వ తేదీని పెకింగులో మరణించెను. అన్యదేశస్థుడైనను చక్రవర్తి సమాధిస్థలము నిప్పించెను. అప్పటికి చీనాలో క్రైస్తవులు రమారమి 2,500 మంది మాత్రమే. పితరులకును కన్‌ఫ్యూషియసునకును చేయు వందనములు విగ్రహారాధన కావు, కృతజ్ఞత యని రిచ్చీ నమ్మి, తన విశ్వాసులను వానిని మానుమనలేదు. ఆయన పోయిన పిమ్మట ఇతర సంఘముల గురువులు దీనిని ఆక్షేపించిరి. వివాదము నూరేండ్లు సాగెను. 1704లోను 1715లోను పోపు పదునొకండవ క్లెమెంటు ఆ ఆచారములను నిషేధించెను. 1721లో కాంగ్‌షీ చక్రవర్తి కోపించి, క్రైస్తవబోధనే తన దేశమున నిషేధించెను. క్లావియసు శిష్యుడు ఓపికతో తెరచిన తలుపు ఇట్లు మూయబడెను. రోము తన నిషేధమును 1939లో చాలవరకు సడలించెను. అప్పటికి ఆయన మరణించి 329 సంవత్సరములు.

1900 నాటి అల్లర్లలో ఆ సమాధిస్థలము ధ్వంసమై, మరల బాగుచేయబడెను. 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవ కాలమున సమాధిరాయిని పూడ్చిపెట్టిరి. తరువాత వెలికితీసి నిలిపిరి. నేడు బీజింగని పిలువబడు ఆ నగరములో, ఒక కళాశాల ఆవరణములో, చెట్ల నడుమ అది నిలిచియున్నది. ఒకే రాతిమీద ఆయన పేరు లాటిను లిపిలోను చీనా లిపిలోను చెక్కబడి యున్నది. చీనా లిపిలోని పేరు లీ మాదౌ.